తిరిగి చూసే జాతి

ఉగాదికి ఇరవై రోజుల ముందు గొల్లపాలెంలో టముకు వేశారు. ఇకనుంచి రిజర్వు అడవిలోకి వేటకుక్కలు రాకూడదు. మందల వెంట వచ్చే కుక్కను అడవి శాఖ రేంజి కచేరికి తెచ్చి చూపించి, మెడలో ఇత్తడి బిళ్ల కట్టించుకోవాలి. బిళ్ల లేని కుక్క అడవిలో కనబడితే కాల్చేస్తారు.

టముకు విన్నవాళ్లంతా తమ తమ కుక్కల వైపు చూసుకున్నారు. చెంచమ్మ మాత్రం పొలాల వైపు చూసింది. ఆ ఏడు వానలు మొగం చాటేశాయి. కంభం చెరువులో నీళ్లు నడిమికి కుంచించుకుపోయాయి. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ బీడులో చూసినా పచ్చి పోచ లేదు. ఆమెకు నూట ముప్ఫై జీవాలున్నాయి. పండగ లోపల నల్లమల ఎక్కితేనే అవి బతుకుతాయి. ఎక్కితే అక్కడ చిరుతలున్నాయి. కుక్క లేకుండా ఎక్కడమంటే మందను చిరుతల ముందు విస్తరేసి వడ్డించడమే.

ఉన్నది ఒకటే కుక్క. పేరు బూడిది. ఆడది. దాని తల్లి పోయిన ఏడు పాము కరిచి చచ్చిపోయింది. తోడబుట్టినవాటిలో మిగిలింది ఇదొక్కటే.

చెంచమ్మ భర్త ఆదెయ్య ఆశ్వయుజంలో చలిజ్వరంతో పోయాడు. నాలుగు రోజుల జ్వరం. అయిదో నాడు ఆమె మందను తోలుకుని పోయింది. దినాలు కాకముందే గడప దాటిందని పాలెంలో ఆడవాళ్లు మాట్లాడుకున్నారు. జీవాలకు మైల తెలియదంది. అంతకు మించి ఆ చావు గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు.

మరిది కాటమరాజు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, బూడిదిని తీసకపోయి చూపిచ్చేది నాకేం నచ్చలేదు. సన్న నడుము, పొడుగు మూతి, మీద బొచ్చన్నా లేదు. చూసేదానికి వేటకుక్క మాదిరుంటది."

"చూసేదానికి నువ్వు గూడా పెద్దమనిషి మాదిరే ఉంటావు."

"నేను మంచికే చెప్తున్నా. దాన్ని ముండ్లమూరు దిక్కు వేటగాళ్లకు ఇచ్చేస్తే సంతోషంగా తీసుకుంటారు. మందకు ఇంకో కుక్కను చూసుకుందాం. బొచ్చు కుక్కను."

"బొచ్చు కుక్క అరుస్తది. చిరుత గొర్రెను ఎత్తకపోయేదాకా అరుస్తది, పోయినాంక గూడా అరుస్తది. మీ అన్న దాంతో పడలేకనే గదా ఇదంతా చేసింది."

అది కాటమరాజుకూ తెలిసిన సంగతే.

ముప్ఫై ఏళ్ల కిందట ఆదెయ్య దగ్గర ఉన్నవి అందరి దగ్గర ఉండే మందకుక్కలే. బరువైన ఒళ్లు, పెద్ద గొంతు. ఒక వేసవిలో చిరుత తొమ్మిది జీవాలను ఎత్తుకుపోయింది. ఆ కుక్కలు చోటు కదలకుండా మొరిగాయి. ఆ ఏడే దొనకొండ దగ్గర వేటగాళ్ల గుంపులో ఒక బూడిదరంగు ఆడకుక్కను చూశాడు. పొడుగు కాళ్లు, గాలిలా పరుగు. సూడి గొర్రెనొకదాన్ని ఇచ్చి దాని కూనను తెచ్చుకున్నాడు. మందలో పుట్టిన మగకుక్కతో దాన్ని కలిపాడు. పుట్టిన కూనలు పరుగులో తల్లిని మించాయి. కాని కుందేలు లేస్తే మందను వదిలి దాని వెంటే పోయేవి.

అప్పుడు ఆదెయ్య ఒక కట్టడి పెట్టుకున్నాడు. కూనలు కళ్లు తెరవకముందే వాటిని ఈనిన గొర్రెల నడుమ పడుకోబెట్టేవాడు. నాలుగో నెల వచ్చాక, జొన్న కోసిన చేలల్లోకి మందతో పాటు వాటిని తోలుకుపోయేవాడు. ఆ చేలల్లో కుందేళ్లు ఎక్కువ. కుందేలు లేచినప్పుడు దాని వెంట పోయి కనుమరుగైన కూనను ఆ రోజే ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. ఎంత అందమైనదైనా, ఎంత ముద్దు చేసినదైనా అంతే. నాలుగు అంగలు పరిగెత్తి, ఆగి, తిరిగి మంద వైపు చూసిన కూనను మాత్రం ఉంచుకునేవాడు. మొదటి ఈతలో అలా చూసింది ఒకటే. తొమ్మిదో ఈతకు, పుట్టిన ఆరింటిలో అయిదు తిరిగి చూశాయి. వాటిలో ఒకటి బూడిది.

"నాలుగు మైళ్లు. ఎండెక్కకముందే పోయొస్తా. జీవాలను నువ్వు చూసుకో," అంది చెంచమ్మ.

బూడిది మెడలో చిన్న కంచు గంట ఉంటుంది. మందను విడిచి ఎక్కడికైనా పోయేటప్పుడు గొల్లలు కుక్క మెడలో గంట తీసేస్తారు. గంట ఉన్నంత సేపూ అది పనిలో ఉన్నట్టు, సంగటి ముద్ద యజమాని పెట్టాలి. గంట తీశాక దాని పొద్దు దానిది, దాని తిండి అది చూసుకోవాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి కాబట్టి చెంచమ్మ ఆలోచించకుండానే గంట విప్పి చిలక్కొయ్యకు తగిలించింది. దాని మెడకు తాడు కట్టి బయల్దేరింది.

రేంజి కచేరి అడవి అంచున ఉంది. ముందు పెంకుల వసారా, వెనక రేంజరు కాపురం, పక్కన ఒరలేని పాత బావి. గోడ మీద చక్రవర్తి పటం. రేంజరు నరసింహం నలభై ఏళ్లు లేనివాడు. మద్రాసులో చదువుకున్నాడు. కోపిష్టి కాదు, లంచగొండి కాదు. కుక్కలంటే అతనికి నిజంగానే ఇష్టం. బల్ల మీద బొమ్మలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. కుర్చీలో దిండు మీద చిన్న తెల్లకుక్క ఒకటి, కళ్ల మీద బొచ్చు పడుతూ, కునుకుతోంది.

బూడిదిని చూడగానే అతని మొహం వెలిగింది. టేపు పెట్టి ఎత్తు కొలిచాడు. ఛాతీ కొలిచాడు. మూతి కొలిచాడు.

"ఇంత మంచి వేటకుక్కను ఈ తాలూకాలో నేను చూడలేదు," అన్నాడు.

"మందకుక్క సామీ."

"అది నువ్వనుకునేది. ఇటు చూడమ్మా." పుస్తకం తిప్పి చూపించాడు. "కుక్కలను గుంపులుగా విడదీశారు. ఇవి మందను కాసేవి. ఒళ్లంతా బొచ్చు, వెడల్పు తల. ఇవి వేటవి. పొడుగు మూతి, లోతు ఛాతీ, సన్న నడుము. ఇవి కాల్చిన పిట్టను తెచ్చిచ్చేవి. ఇవి బొరియల్లో దూరేవి. నీది ఏ బొమ్మలా ఉందో నువ్వే చెప్పు."

చెంచమ్మ బొమ్మలన్నీ చూసింది. తొందర పడలేదు.

"ఆ కుర్చీలోది ఏ గుంపు సామీ?"

"అదా. ఒళ్లో పెట్టుకునేవాటి గుంపు."

"ఏం పని చేస్తది?"

"పనేమీ చెయ్యదు."

"అయితే మా మరిది గుంపు."

తలుపు దగ్గర నిలబడ్డ గార్డు శాంతయ్య దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. రేంజరు నవ్వలేదు గాని కోప్పడనూ లేదు.

"మా దాంట్లో గూడా గుంపులున్నాయి సామీ. మూడే. చప్పుడైనప్పుడు వాకిటి కుక్క వచ్చినోడి చెయ్యి చూస్తది. వేటకుక్క ఉరికేదాన్ని చూస్తది. మందకుక్క మందను చూస్తది. అది ఏడ చూస్తదో అదే దాని గుంపు. మూతితో మాకు పని లేదు."

"చూపును టేపుతో కొలవలేం కదమ్మా. జాతి అంటే ఊరికే అయ్యేది కాదు. ఒక దొర తనకు కావలసిన గుణం ఉన్న కుక్కలనే ఏరి, వాటినే కలిపి, తక్కినవాటిని పక్కన పెట్టి, అట్లా పది తరాలు చేస్తే ఒక జాతి తేలుతుంది."

"మా ఇంటాయన చేసింది గూడా అదే."

"రాసి పెట్టాడా? ఏ తల్లికి ఏది పుట్టిందో లెక్క ఉందా?"

"ఆయన నోట్లో ఉండింది."

"ఆయన్ను రమ్మను."

"ఆయన లేడు సామీ. ఆశ్వయుజంలో పోయినాడు."

రేంజరు పుస్తకం మూశాడు. తర్వాత, న్యాయంగానే ఉండాలనుకున్నవాడిలా అన్నాడు. "సరే. పరీక్ష పెడతాను. శాంతయ్యా, నిన్న ఉచ్చులోంచి పట్టుకొచ్చిన కుందేలు బుట్టలో ఉందిగా, తీసుకురా. అది వెంటపడకపోతే నీ మాటే నిజమని రాస్తాను."

చెంచమ్మ నిబ్బరంగా తల ఊపింది. చేలల్లో వంద సార్లు చూసింది ఆమె. తాడు విప్పింది.

కుందేలు బుట్ట దాటిందో లేదో బూడిది దాని మీద పడింది. కంచె దాకా కూడా పోనివ్వలేదు. నోట కరుచుకుని వచ్చి, నీడలో కూర్చుని, తీరుబడిగా తినడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చూడడానికి అక్కడ మంద లేదు. మెడలో గంట లేదు.

తన చేతులతోనే గంట తీసి వచ్చిన సంగతి చెంచమ్మకు అప్పుడు తట్టింది.

"ఇది దాని పొద్దు సామీ. పనిలో లేదు. మంద ముందర చూడండి..."

రేంజరు అప్పటికే రిజిస్టరులో రాస్తున్నాడు. "వేట," అని పైకి చదివాడు. "శాంతయ్యా, ఈ కుక్కను గుర్తు పెట్టుకో. అడవి దారి గొలుసు దాటి లోపల కనబడితే కాల్చు."

తిరిగి వచ్చే దారిలో ఆమె కుక్కను తిట్టలేదు. తిండి దొరికిన రోజు తిన్నందుకు దాన్ని అనేదేముంది?

కాటమరాజు అంతా విని, తన మాటే నెగ్గినా నెగ్గినట్టు కనబడకుండా ఉండాలని చూశాడు. "పోనీలే వదినా. సగం జీవాలను కంభం సంతలో అమ్మేద్దాం. ఈ బూడిదిని నేను ముండ్లమూరు తీసకపోతా. అన్న ఉన్నా ఇదే చేసేటోడు."

"మీ అన్న ఏం చేసేటోడో నాకు చెప్తావా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. "మూడో ఈతలో తెల్లచుక్క కూన ఒకటి ఉండె. మీ అన్న ఏడకు పోయినా సంకలో పెట్టుకొని తిరిగినాడు. చెవులపిల్లి ఎనక పాయె. ఆ సాయంత్రమే దొనకొండ రైలోళ్లకు ఇచ్చి వచ్చి, రెండు రోజులు అన్నం తినలేదు. అట్ల ఒక్కొక్కదాన్ని తీసేసుకుంటా, తీసేసుకుంటా, చివరకు ఇది మిగిలింది. దీన్ని ఉరికేదాని ఎనక ఉరికే గుంపులోకి తోలేస్తే, ఆ మనిషి ముప్ఫై ఏండ్లు ఏం చేసినట్టు?"

కాటమరాజు కండువా సర్దుకున్నాడు.

"రేపు నువ్వు గూడా రావాల. జీవాలన్నిట్నీ తోలకపోవాల."

"ఏడకి? అడవిలోకా?"

"కచేరికి."

మర్నాడు పొద్దు బారెడు ఎక్కేసరికి రేంజి కచేరి ఆవరణ నిండా గొర్రెలే. వసారా మెట్ల మీద గొర్రెలు. జెండా కర్ర చుట్టూ గొర్రెలు. రేంజరు భార్య పెంచుకునే బంతిమొక్కలు రెండు నిమిషాల్లో మోళ్లయ్యాయి. ఒక పొట్టేలు వసారా ఎక్కి బల్ల కింద నీడ చూసుకుంది. పర్మిట్ల కోసం వచ్చిన మనుషులు పాతికమంది దాకా కంచె పట్టుకుని వేడుక చూస్తున్నారు.

రేంజరు గబగబా బయటికి వచ్చాడు. "ఏమిటిది? ఏమిటిదంతా?"

"నిన్న కుక్కను సగమే తెచ్చినా సామీ," అంది చెంచమ్మ. "తక్కిన సగం ఈ పొద్దు తెచ్చినా."

కంచె దగ్గర నవ్వులు లేచాయి. కాటమరాజు మాత్రం గొర్రెల మధ్య గొర్రెలా తల దించుకుని నిలబడ్డాడు. బూడిది మెడలో గంట ఉంది. అది మందకు ఒక వారగా, ఎత్తు మీద కూర్చుని ఉంది.

"చెవులపిల్లిని వదలండి."

"నిన్నటిది నీ కుక్కే తినేసింది. రోజుకొకటి ఎక్కడినుంచి తెస్తాం? ముందు ఈ మందను..."

మాట పూర్తి కాలేదు. లోపలినుంచి తెల్లకుక్క దిండు దిగి వచ్చింది. ఇన్ని గొర్రెలను అది జన్మలో చూసి ఉండదు. కీచుగా మొరుగుతూ వసారా మీదనుంచి సూటిగా మంద మధ్యలోకి దూకింది. గొర్రెలు ఒక్కసారిగా బెదిరాయి. ముందు గొర్రె ఎటు పోతే మంద అటు. ముందు గొర్రె ఒరలేని బావి వైపు తిరిగింది.

గొర్రెలను మేపినవాళ్లకు ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. ఒకటి పడితే వంద పడతాయి. కాటమరాజు కేక వేశాడు గాని కాళ్లు కదల్లేదు.

గొర్రెల కాళ్ల మధ్యనుంచి బయటపడ్డ తెల్లకుక్క, తను లేపిన గందరగోళానికి తనే జడిసి, ఖాళీ నేల మీద కంచె వైపు పరిగెత్తింది. చిన్నది, తెల్లది, గెంతుతూ పోయేది. కుందేలు పరుగే. అది బూడిది ముక్కు ముందునుంచే పోయింది. బూడిది లేచింది. రేంజరు "అయ్యో" అన్నాడు.

బూడిది దాన్ని దాటేసింది. దాని వైపు చూడనైనా చూడలేదు. నేల మీద పరుచుకున్నట్టు సాగి, మంద అంచుగా చుట్టు తిరిగి, బావి మొగదల, ముందు గొర్రెకు ఎదురు నిలబడింది. మొరగలేదు. కరవలేదు. భుజంతో దాని మెడను ఒక్క తోపు తోసింది. గొర్రె తిరిగింది. దాని వెనక గొర్రెలన్నీ తిరిగాయి. ఒక చిన్న పిల్ల మాత్రం బావి గట్టు మీద ముందుకాళ్లు జారి వేలాడింది. బూడిది దాని వీపు మీది ఉన్ని పట్టి వెనక్కు లాగి వదిలింది.

మంద కుదురుకున్నాక అది మళ్లీ ఎత్తు మీదికి పోయి కూర్చుంది.

తెల్లకుక్కను శాంతయ్య కంచె దగ్గరనుంచి ఎత్తుకొచ్చి రేంజరు చేతుల్లో పెట్టాడు. అది వణుకుతోంది. రేంజరు చాలాసేపు దాని తల నిమురుతూ నిలబడ్డాడు. తర్వాత వసారాలోకి పోయి, బల్ల ముందు కూర్చుని, రిజిస్టరు తెరిచి, నిన్నటి మాట మీద గీత గీశాడు.

"బిళ్ల ఇస్తాను," అన్నాడు. "మందను కాసేవాటి కింద రాయలేను. ఫారంలో ఆ గుంపుకు ఏయే లక్షణాలుండాలో అచ్చువేసి ఉంది, నీ కుక్కకు అందులో ఒక్కటీ లేదు. చివర్లో ఇంకో గడి ఉంది. జాతి లేనివి. దాని కింద ఈ ఒక్క కుక్కకు అనుమతి ఇవ్వొచ్చు. దానికి పుట్టేవాటికి మాత్రం ఉండదు. ఈనితే కూనలను ఇక్కడ అప్పగించాలి."

"అప్పగిస్తే ఏం చేస్తారు?"

శాంతయ్య నేల చూశాడు.

కాటమరాజు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "తీసుకో వదినా. బిళ్ల వచ్చింది గదా. కాయితం మీద ఏమన్నా రాసుకోనీ, మనకేంది? కుక్కకేమన్నా చదువొచ్చా?"

"కుక్కకు రాదు. ఎనక వచ్చేటోళ్లకు వస్తది." ఆమె రేంజరు వైపు తిరిగింది. "బిళ్ల వద్దు సామీ."

"ఏమిటి?"

"వేటకుక్క అని నిన్న రాసినారు. నా తప్పుతో రాసినారు, దానికి నేనేమీ అనను. ఈ పొద్దు కండ్లారా చూసి గూడా జాతి లేదని రాస్తామంటున్నారు. దానికి నేను ఒప్పను. జాతి లేకుండానే బావి దగ్గర నిలబడిందా? మీ పుస్తకంలో దొరలు చేస్తే జాతి. గొల్లోడు చేస్తే కాదు. అట్ల రాసుండాదా పుస్తకంలో?"

రేంజరు పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. తెరవలేదు.

"నేను దొంగదోవన పోను," అంది చెంచమ్మ. "ఇప్పుడే, ఈ గొలుసు దగ్గర్నుంచే మందను తోలకపోతా. కుక్క ముందర నడుస్తది. కాల్చాలంటే కాల్చండి. రిజిస్టర్లో మాత్రం సరిగ్గా రాసుకోండి. మందను బావిలో పడకుండా ఆపిన కుక్కను కాల్చినాం అని."

నాలుక మడిచి కూత పెట్టింది. బూడిది లేచింది. నూట ముప్ఫై జీవాలూ ఒక్కటై కదిలాయి. కంచె పట్టుకున్నవాళ్లు ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు.

అడవి దారికి అడ్డంగా గొలుసు, గొలుసు పక్కన శాంతయ్య, అతని చేతిలో తుపాకి. అతను మందకంటే ముందు పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడు గాని, నిలబడి ఏం చెయ్యాలో తెలిసినట్టు లేదు.

"చెంచమ్మక్కా, నన్ను ఇరుకున పెట్టొద్దు."

"పక్కకు జరుగు శాంతయ్యా. ఇరుకుండదు."

"నాకు పిల్లలుండారక్కా."

"నాకు లేరు. ఇవే." ఆమె వచ్చి బూడిది ముందు నిలబడింది. కుక్కకూ తుపాకికీ మధ్య. అంత దగ్గరగా తుపాకిని ఆమె ఎన్నడూ చూడలేదు.

శాంతయ్య తుపాకి ఎత్తలేదు. దించనూ లేదు. అట్లా ఎంతసేపు గడిచేదో గాని, వెనకనుంచి చెప్పుల చప్పుడు వినబడింది. రేంజరు నెత్తిన టోపీ లేకుండా, రిజిస్టరు చంకలో పెట్టుకుని, గొర్రెలను తప్పించుకుంటూ వస్తున్నాడు. వచ్చి గొలుసు కట్టిన రాతి మీద రిజిస్టరు పరిచాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అచ్చు గడుల కింద కొంచెం చోటుంది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "మందకుక్క, ప్రత్యేక జాతి అని రాస్తాను. ఈ కుక్కకూ దాని సంతానానికీ అని రాస్తాను. కాని జాతికి పేరుండాలి. చేసిన మనిషి పేరో, ఊరి పేరో. చేసింది ఎవరు?"

"మా ఇంటాయన."

"పేరు?"

మొగుడి పేరు నోటితో పలకడం వాళ్లలో లేదు. ముప్ఫై రెండేళ్ల కాపురంలో ఆమె పలకలేదు. పాడె లేచిన రోజు కూడా పలకలేదు. ఆ పేరు చెప్పాల్సింది తనేనని తెలిసి కాటమరాజు వెనకనుంచి ముందుకు వచ్చి నోరు తెరిచాడు. చెంచమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆదెయ్య," అంది.

ఆ మాట గట్టిగానే వచ్చింది. అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

రేంజరు రాశాడు. రాసి చదివి వినిపించాడు. "ఆదెయ్య మందకుక్క." తర్వాత నిజం దాచడం ఇష్టం లేనట్టు అన్నాడు. "పైవాళ్లు చూసి కొట్టేయవచ్చు. అది నా చేతుల్లో లేదు."

"కొట్టేస్తే మళ్లీ వస్తా సామీ. మందతోనే వస్తా."

శాంతయ్య గొలుసు మీద చెయ్యి వేశాడు. చెంచమ్మ కదల్లేదు. రాతి మీద తెరిచి ఉన్న కాగితం వైపు చూస్తోంది. చదువు రాకపోయినా, చుట్టూ ఉన్న అక్షరాలు నల్లగా ఉన్నాయనీ, ఇవి మాత్రం బూడిదగా ఉన్నాయనీ ఆమెకు కనబడుతోంది.

"పెన్సిలుతో వద్దు," అంది. "సిరాతో రాయండి."

రేంజరు ఆమె వైపు చూశాడు. తర్వాత శాంతయ్యను కచేరికి పంపించాడు. సిరాబుడ్డి వచ్చేదాకా నూట ముప్ఫై జీవాలూ ఎండలో, గొలుసు దగ్గరే నిలబడ్డాయి.